డెన్వర్‌లో పప్పు త్వరగా ఎందుకు ఉడకదు?

అమెరికాలోని డెన్వర్ నగరం సముద్రమట్టానికి 5,280 అడుగుల ఎత్తున, అంటే ఏకంగా మైలు ఎత్తున ఉంది. అక్కడి తెలుగిళ్లలో కందిపప్పును మామూలు గిన్నెలో పెడితే చాలాసేపటి దాకా పలుకుగానే ఉంటుంది. ఎందుకు? ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. నీటిని పైనుంచి నొక్కే బరువు తగ్గితే అది త్వరగా మరిగిపోతుంది. విశాఖ తీరంలో 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగే నీరు డెన్వర్‌లో సుమారు 95 దగ్గరే మరుగుతుంది. మంట ఎంత పెంచినా అంతకు మించి వేడెక్కదు, గ్యాసు దండగ!

మరి ఎలా? కుక్కర్ ఆవిరిని లోపలే బంధిస్తుంది. ఒత్తిడి పెరిగి నీరు 115 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది, పప్పు మెత్తబడుతుంది. ముందు అరగంట నానబెట్టి, విజిల్స్ ఒకటి రెండు ఎక్కువ రానివ్వండి. ఆవిరి పూర్తిగా దిగేదాకా మాత్రం మూత తీయొద్దు.