మూడో తీగ ఉత్తది కాదు



ఈ నెల గోడ పత్రికలో సైన్సు పేజీ నాకు ఇచ్చారు. నేను కరెంటు తీగల గురించి రాస్తున్నాను. ఎందుకు రాస్తున్నానో ముందు చెప్తాను, అందరూ చదవండి.

మాది చర్ల నుంచి లోపలికి పోవాల్సిన ఊరు. మా తాత ఇంట్లో కరెంటు అంటే ఒక్క బల్బే. 1988-89లో మొదలైన కుటీర జ్యోతి పథకంలో పేదవాళ్ల ఇళ్లకు, మన ఆదివాసీల ఇళ్లకు అట్లా ఒక్కొక్క బల్బు కనెక్షన్ ఇచ్చేవాళ్లు. రెండు తీగలు వచ్చి బల్బు దగ్గర ఆగిపోతాయి, అంతే. ఇప్పుడు మా ఇంట్లో మూడు లైట్లు ఉన్నాయి గాని వచ్చే తీగలు మాత్రం ఆ రెండే.

పోయిన వేసవి సెలవుల్లో నాయన భద్రాచలంలో ఒక పాత ఇనుప టేబుల్ ఫ్యాను కొనుక్కొచ్చాడు. ప్లగ్గు లేదు. వైరు కొస చెక్కితే లోపల మూడు తీగలు ఉన్నాయి. ఎర్రది, నల్లది, ఆకుపచ్చది. మా బోర్డుకు రెండు బొక్కలే.

"ఈ ఆకుపచ్చది ఎక్కడ పెట్టాలె బిడ్డా? నువ్వు చదువుకున్నదానివి గదా" అని నాయన నన్ను అడిగిండు. (ఇది మేము కోయలో మాట్లాడుకున్నదే, తెలుగులో రాస్తున్నాను.) మా ఇంట్లో బడికి వచ్చిన మొదటి మనిషిని నేనే. తెల్వదు అనడానికి సిగ్గేసింది. "అది ఉత్తదే నాయనా, కోసెయ్" అన్నాను. నాయన కొడవలితో కోసేసిండు. మిగతా రెండు తీగలు అగ్గిపుల్లలతో బోర్డులో బిగించిండు. ఫ్యాను గిర్రున తిరిగింది. అందరూ నన్ను మెచ్చుకున్నారు.

మూడు వారాలు మంచిగనే తిరిగింది. జూన్‌లో మొదటి వాన పడ్డాక ఒకరోజు అమ్మ ఇల్లు అలుకుతున్నది. నేల తడి, చెయ్యి తడి, కాళ్లకు చెప్పులు లేవు. ఫ్యాను పక్కకు జరుపుదామని దాని మెడ పట్టుకుంది. చెయ్యి అట్లనే అతుక్కుపోయింది. అమ్మ నోట మాట రాలేదు. తమ్ముడు అరిస్తే నాయన ఉరికొచ్చి ఎండు కట్టెతో వైరును కొట్టి బోర్డు నుంచి ఊడగొట్టిండు. అమ్మ బతికింది. అరచేతిలో మచ్చ ఇంకా ఉంది. ఫ్యాను పాతది గదా, అందుకే అట్లైంది అని అందరం అనుకున్నాం. నేనూ అట్లనే అనుకున్నాను.

జూలైలో ఫిజికల్ సైన్స్ మేడం క్లాసులో ఇస్త్రీ పెట్టె ప్లగ్గు విప్పి చూపించారు. ఆకుపచ్చ తీగ ఎందుకో చెప్పారు. నాకు చెమటలు పట్టాయి.

ఇప్పుడు అసలు సంగతి. కరెంటుకు పోవడానికి ఒక దారి, తిరిగి రావడానికి ఒక దారి కావాలి. పోయే తీగను ఫేజు అంటారు, తిరిగి వచ్చే తీగను న్యూట్రల్ అంటారు. (నిజానికి కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుందట. మనకు ఇప్పుడు పోవడం, రావడం అనుకుంటే చాలు.) రెండింటి మధ్య 230 వోల్టులు ఉంటుంది. టెస్టర్ పెడితే వెలిగేది ఫేజు. న్యూట్రల్‌ను ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర భూమిలోకి కలుపుతారు. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, అన్నిటికీ మూలం ఇదే.

బల్బు వెలగడానికి, ఫ్యాను తిరగడానికి ఈ రెండు తీగలు చాలు. అందుకే మూడోది ఉత్తదని నేను మోసపోయాను. అది రోజూ చేసే పని ఏమీ లేదు.

మా ఊరికి వాగు దాటి పోయే దారి ఒకటి ఉంది. గుట్ట మీద నుంచి ఇంకో దారి ఉంది. ఆ గుట్ట దారిన రోజూ ఎవరూ పోరు, గడ్డి మొలిచి ఉంటుంది. వాగు పొంగిన నాడు మాత్రం అదే దిక్కు. మూడో తీగ, అంటే ఎర్త్ తీగ, అట్లాంటిది. దాని ఒక కొస ఫ్యాను ఇనుప ఒంటికి, ఇంకో కొస భూమిలోకి ఉంటుంది. మా ఫ్యాను లోపల ఫేజు తీగ తొడుగు అరిగిపోయి ఇనుముకు తగులుతున్నది. అయినా ఫ్యాను తిరుగుతూనే ఉంది, ఎవరికీ తెలియలేదు. ఎర్త్ తీగ ఉండి ఉంటే కరెంటు ఒక్కసారిగా దాంట్లో నుంచి భూమిలోకి దూకేది, ఫ్యూజు పోయేది, మేము తిట్టుకుంటూ ఫ్యాను బాగు చేయించేవాళ్లం. అది లేదు కనుక అమ్మ చెయ్యి, అమ్మ కాళ్లు, తడి నేల దారి అయినాయి. నేలలో నుంచి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి భూమికి, అక్కడి నుంచి న్యూట్రల్‌కు.

మరి ఫ్యూజు ఎందుకు పోలేదు అని నేను మేడంను అడిగాను. 5 ఆంపియర్ల ఫ్యూజు అంతకంటే ఎక్కువ పోతేనే కాలుతుంది. మనిషి ప్రాణం పోవడానికి ఒక ఆంపియరులో పదో వంతు చాలు. ఫ్యూజు తీగలను కాపాడుతుంది గాని మనల్ని కాదు. మనిషిని కాపాడేది ఆర్.సి.సి.బి. అనే పెట్టె. అది అవుటింగ్ రోజు గేటు దగ్గర వార్డెన్ మేడం గారి లెక్క లాంటిది. ఫేజులో ఎంత పోయింది, న్యూట్రల్‌లో ఎంత తిరిగి వచ్చింది అని చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే ఎవరో తప్పిపోయారని వెంటనే కరెంటు తీసేస్తుంది.

మూడు పిన్నుల ప్లగ్గులో పైనున్న పిన్ను లావుగా, పొడుగ్గా ఉంటుంది చూడండి. అదే ఎర్త్. పొడుగు ఎందుకంటే ప్లగ్గు పెట్టేటప్పుడు అది అందరికంటే ముందు తగలాలి, తీసేటప్పుడు అందరికంటే వెనక ఊడాలి. ఫోను చార్జరుకు రెండే పిన్నులు ఉంటే భయం లేదు. దాని ఒళ్లు ప్లాస్టిక్కు, చదరంలో చదరం గుర్తు కూడా ఉంటుంది. కొందరు ఎర్త్ లేదని సాకెట్లోనే ఎర్త్ బొక్కను న్యూట్రల్‌కు కలిపేస్తారు. అది ఇంకా ప్రమాదం. న్యూట్రల్ తెగిందంటే ఫ్యాను ఒళ్లంతా ఫేజు అవుతుంది.

నాలుగు తీగల గురించి మన క్లాసులో చాలా మంది తప్పు చెప్పారు. నాలుగోది ఇంకో ఎర్త్ అనుకున్నారు. కాదు. మూడు తీగలు అంటే త్రీ ఫేజు అనుకున్నారు, అదీ కాదు. నాలుగు తీగల కనెక్షన్‌లో మూడు ఫేజులు, ఒక న్యూట్రల్ ఉంటాయి. ఎర్త్ వేరే. ఎరుపు, పసుపు, నీలం ఫేజులు. నలుపు న్యూట్రల్. ఏ ఫేజుకైనా న్యూట్రల్‌కు మధ్య 230 వోల్టులు, రెండు ఫేజుల మధ్య సుమారు 400. మన హాస్టల్‌కు స్తంభం నుంచి వచ్చేవి అవే. ఒక్కో బ్లాకుకు ఒక్కో ఫేజు ఇచ్చారు. అందుకే ఒక్కోసారి మన డార్మిటరీ చీకటిగా ఉండి ఎదురు బ్లాకులో లైట్లు వెలుగుతాయి. మనమేమో మేడం గారు కావాలని తీసేశారని గునుక్కుంటాం. బోరు మోటారు మూడు ఫేజులతో తిరుగుతుంది. ఒక ఫేజు పోతే మూలుగుతుంది, వెంటనే ఆపకపోతే కాలిపోతుంది. మూడు ఫేజులు ఉండి న్యూట్రల్ ఒక్కటి తెగిందనుకోండి, సామాను తక్కువ నడిచే వైపు వోల్టేజి పెరిగి బల్బులు పేలిపోతాయి, ఎక్కువ నడిచే వైపు గుడ్డిగా వెలుగుతాయి. అట్లా కనిపిస్తే వెంటనే మెయిన్ తీసేయాలి.

పక్కన బొమ్మ గీశాను. నా దగ్గర ఆకుపచ్చ స్కెచ్ పెన్ను అయిపోయింది. ఎర్త్ తీగను చిక్కుడాకు పసరుతో గీశాను, ఎండితే రంగు మారుతుందేమో, ఏమనుకోవద్దు.

దసరా సెలవుల్లో నాయనకు అంతా చెప్పేశాను, తప్పు నాదేనని కూడా. "నాకూ తెల్వదు గదా బిడ్డా" అన్నాడు, ఇంకేమీ అనలేదు. తెల్లారి గడ్డపార తీసుకొని ఇంటి వెనక గుంట తవ్వడం మొదలుపెట్టిండు. రెండున్నర మీటర్ల పైపు నిలువుగా దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు పోసి, ఎండాకాలం నీళ్లు పోస్తుండాలి. తీగ కలిపేది మాత్రం ఎలక్ట్రీషియనే, మనం కాదు. ఆయన సంక్రాంతికి వస్తానన్నాడట. అమ్మ ఇప్పటికీ ఆ ఫ్యానును ముట్టదు.

వార్డెన్ మేడం గారికి ఒక విన్నపం. డైనింగ్ హాలు వెనక పిండి రుబ్బే గ్రైండర్ ఒళ్లు స్టీలు. దాని ప్లగ్గుకు పెద్ద పిన్ను విరిగిపోయింది, నేను చూశాను. అక్కడ నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. దయచేసి ప్లగ్గు మార్పించి, సాకెట్లో ఎర్త్ ఉందో లేదో కూడా చూపించగలరు. అప్పటిదాకా ఆదివారం ఇడ్లీ లేకపోయినా మేము ఏమీ అనుకోము.

ఇట్లు,
9వ తరగతి, వేప చెట్టు వైపు డార్మిటరీ