తండా నుండి జాగ్రెబ్ దాకా: గుగులోతు సౌమ్య ఫుట్‌బాల్ ప్రస్థానం

తెలుగు నేలపై ఫుట్‌బాల్ చరిత్ర అనగానే హైదరాబాదు నగరమూ, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టును నాలుగవ స్థానానికి చేర్చిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమూ ప్రస్తావనకు వస్తారు. ఆ చరిత్ర ప్రధానంగా నగరానిది, పురుషులది. నిజామాబాద్ జిల్లాలోని తండాకు చెందిన గుగులోతు సౌమ్య క్రీడాజీవితం ఈ రెండు పరిమితులనూ దాటింది. ఆమె లంబాడా మూలాలను ఇంటిపేరే తెలుపుతుంది.

సౌమ్య ఫార్వర్డ్. గోలు కొట్టడమొక్కటే ఈ స్థానపు పని కాదు. మైదానపు అంచు వెంట పరుగెత్తి, ప్రత్యర్థి రక్షణ శ్రేణిని పక్కకు లాగి, మధ్యలో సహచరులకు ఖాళీ కల్పించడం కూడా అందులో భాగమే. గోళ్ల లెక్క చూసే పాఠకునికి ఈ శ్రమ కనిపించదు.

గోకులం కేరళకు ఆడిన ఆమె 2022లో జ్యోతి చౌహాన్‌తో పాటు క్రొయేషియాలోని డినమో జాగ్రెబ్ మహిళా జట్టులో చేరింది. అనంతరం ఈస్ట్ బెంగాల్‌కు వచ్చింది. ఆ జట్టు 2024-25లో తొలిసారి ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచింది. అందులో సౌమ్యవి 9 గోళ్లు. అదే ఏడాదికి అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపిక చేసింది.

ఇక్కడొక విషయం గమనించాలి. ఆ సీజన్ లీగులోని 8 జట్లలో తెలుగు రాష్ట్రాల క్లబ్బు ఒక్కటీ లేదు. అందువల్ల ఆమె ప్రస్థానాన్ని స్థానిక వ్యవస్థ సాధించిన విజయంగా వర్ణించడం తొందరపాటే. ప్రతిభ ఇక్కడిది, వేదికలు కేరళవి, కలకత్తావి.

2025 జూలైలో చియాంగ్ మాయిలో థాయిలాండ్‌ను 2-1తో ఓడించి, భారత్ తొలిసారి అర్హత పోటీల ద్వారా ఆసియా కప్‌కు చేరింది. ఆ జట్టులో సౌమ్య ఉంది.