నల్లబడినా వెండి వెండే

బొంబాయి కట్టడాలకు కూలికి వచ్చిన కామాటీల పేరే మా కామాటిపురాకు నిలిచింది. పాలమూరు నుంచి వస్తూ మా నాయనమ్మ తెచ్చుకున్న ఆస్తల్లా ఒక జత గట్టి వెండి కడియాలు. మొత్తం 20 తులాలు.

అక్క పెళ్ళికి వాటిని అమ్మబోతే, నల్లబడిన కడియాలను చూసి దుకాణదారు "ఇది వెండే కాదు" అని తుక్కు ధర చెప్పాడు. ఆ రాత్రి నాయనమ్మ అన్నం ముట్టలేదు.

మరునాడు మా సైన్సు మాస్టారుకు చూపించాను. ఆయన కడియాలను తూచారు, 200 గ్రాములు. కొలపాత్రలోని నీళ్ళలో ముంచితే మట్టం 20 మిల్లీలీటర్లకు కొంచెం తక్కువగా పెరిగింది. వెండి సాంద్రత నీటికి పదిన్నర రెట్లు. జర్మన్ సిల్వర్ అయితే అదే బరువుకు 23 దాకా పెరగాలి. పేరులో తప్ప అందులో వెండి ఉండదు, ఉండేది రాగి, నికెల్, జింకు. "వెండే నాయనా, గట్టిదనానికి కొంచెం రాగి కలిపారు" అన్నారాయన. స్వచ్ఛమైన వెండి మెత్తన, నగకు ఆగదు.

మరి నలుపెందుకు? వెండి మామూలు గాలిలో తుప్పు పట్టదు. గంధకం తగిలితే మాత్రం వెండి సల్ఫైడు అనే నల్లని పొర కడుతుంది. మా చాల్ వెనుక మురుగుకాలువ నుంచి వచ్చే కుళ్ళిన గుడ్డు వాసన గంధకపు వాయువుదే. దానికి సముద్రపు తేమ తోడు. నలుపు నకిలీకి గుర్తు కాదు, దిష్టీ కాదు.

బూడిదతో తోమితే ఆ పొరతో పాటు వెండీ పోతుంది. నాయనమ్మ కడియాల మీది పువ్వులు అలాగే అరిగిపోయాయి. గిన్నెలో అల్యూమినియం రేకు పరిచి, దానికి తగిలేలా వెండిని పెట్టి, వేడినీళ్ళు, తినేసోడా వేయండి. గంధకం అల్యూమినియం వైపు పోతుంది, వెండి వెండిగా మిగులుతుంది. రాళ్ళు, లక్క ఉన్న నగలకు మాత్రం ఈ పద్ధతి వద్దు.

ఇంకో దుకాణంలో వెండి ధరే పలికింది. ఒక్క కడియంతోనే పెళ్ళి ఖర్చు గట్టెక్కింది. రెండోది ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. మీ పెట్టెలోనూ నల్లబడిన పాత వెండి ఉంటే, అమ్మే ముందు ఒక్కసారి తూచి, నీళ్ళలో ముంచి చూడండి.