5 నంబరు చొక్కా ఎవరికి?

 

ఈసారి నేను నంబర్ల గురించి రాస్తున్నాను. లెక్కల నంబర్లు కాదు, భయపడొద్దు. ఆటల్లో చొక్కా వీపు మీద ఉండే నంబర్ల గురించి.

ఎందుకు రాస్తున్నానో మీ అందరికీ తెలుసు. మన కబడ్డీ జట్టులో నాలుగేళ్ళు 5 నంబరు వేసుకొని ఆడిన అక్క పదో తరగతి పాసై ఇంటర్‌కు వెళ్ళిపోయింది. ఆ చొక్కా ఉతికి, మడతపెట్టి, పి.ఇ.టి. మేడమ్ గారి బీరువాలో ఉంది. "ఆ నంబరు ఇంక ఎవ్వరికీ ఇయ్యగూడదు, అక్క గుర్తుగా ఆఫీసు రూములో అద్దాల బీరువాలో పెట్టాల" అని కొందరంటున్నారు. "చొక్కా ఉండేది తొడుక్కునేదానికి గానీ చూసేదానికా" అని ఇంకొందరంటున్నారు. రాత్రి స్టడీ అవర్ అయిపోయినాక డార్మిటరీలో ఇదే వాదన. ఈ మాట మీద ఇద్దరు చెల్లెళ్ళు రెండు రోజులు మాట్లాడుకోలేదు కూడా. పెద్ద పెద్ద జట్లకు ఇదే చిక్కు వచ్చినప్పుడు అవి ఏం చేశాయో తెలుసుకుంటే మనకు దారి దొరుకుతుందని అనుకున్నాను. నేను జట్టులో లేను, కాబట్టి ఆ చొక్కా నాకు రావాలని రాస్తున్నానని ఎవరూ అనుకోవద్దు.

అసలు నంబరు ఎందుకు?

జట్టులో అందరూ ఒకే రంగు చొక్కా వేసుకుంటే దూరం నుంచి ఎవరు ఎవరో తెలియదు. కబడ్డీలో జట్టుకు 12 మంది ఉంటారు, కోర్టులోకి దిగేది 7 మంది. ఔటైనవాళ్ళు ఏ వరుసలో బయటికి పోయారో అదే వరుసలో మళ్ళీ లోపలికి రావాలి. స్కోరు రాసే వాళ్ళు నంబరు చూసే ఇదంతా రాసుకుంటారు. నంబరు లేకపోతే లెక్క తప్పుతుంది, గొడవ అవుతుంది.

క్రికెట్‌లో అయితే చాలా కాలం నంబర్లు లేవు. ప్రపంచ కప్‌లో చొక్కాల మీద నంబర్లు మొదటిసారి వచ్చింది 1999లో. టెస్టు మ్యాచ్‌లలో తెల్ల చొక్కాల మీద నంబర్లు వచ్చింది 2019లో.

అంటే నంబరు అనేది గుర్తు పట్టేదానికి పెట్టుకున్న ఒక సౌకర్యం, అంతే. కానీ ఒక మనిషి ఆ నంబరుతో ఏళ్ళ తరబడి బాగా ఆడితే అది ఆ మనిషికి రెండో పేరు లాగా అయిపోతుంది. అప్పుడే ఈ చిక్కు మొదలవుతుంది.

పెద్ద జట్లు ఏం చేశాయి?

ఒక ఆటగాడు మానేసిన తర్వాత ఆ నంబరు ఇంకెవరికీ ఇవ్వకపోవడాన్ని "నంబరును రిటైర్ చేయడం" అంటారు. అమెరికాలో బేస్‌బాల్ అనే ఆట ఉంది. ఆ ఆటలో మొట్టమొదట ఇట్లా రిటైర్ చేసింది న్యూయార్క్ యాంకీస్ జట్టువాళ్ళు, 1939లో. లూ గెరిగ్ అనే ఆటగాడికి నయం కాని జబ్బు వచ్చి ఆట మానేస్తే ఆయన వేసుకున్న 4 నంబరును ఇంకెవరికీ ఇవ్వలేదు.

ఇప్పుడు మన దేశం సంగతి చూద్దాం. సచిన్ టెండూల్కర్ నంబరు 10. ఆయన 2013లో ఆట మానేశాడు. 2017 ఆగస్టు 31న కొలంబోలో శార్దూల్ ఠాకూర్ అనే బౌలర్ తన మొదటి వన్డేలో 10 నంబరు వేసుకొని దిగాడు. చాలామంది అభిమానులకు కోపం వచ్చి అతన్ని బాగా తిట్టారు. తర్వాత అతను 54కు మారాడు.  మొదటి మ్యాచ్ ఆడే పిల్లవాడికి అది ఎంత సంతోషమైన రోజు! ఆ రోజే తిట్లు తినాల్సి వచ్చింది. ధోనీ వేసుకున్న 7 నంబరును కూడా ఇంకెవరికీ ఇవ్వరని 2023 డిసెంబర్‌లో పేపర్లలో వచ్చింది.

హాకీలో గోల్ కీపర్ శ్రీజేష్ నంబరు 16. ఆయనది కేరళ. రైతు కుటుంబం. కీపర్ కాళ్ళకు కట్టుకునే ప్యాడ్లు కొనేదానికి వాళ్ళ నాయన ఆవును అమ్మినాడంట. 2024 ఆగస్టు 8న పారిస్ ఒలింపిక్స్‌లో స్పెయిన్‌ను 2-1తో ఓడించి కంచు పతకం గెలిచాక ఆయన ఆట మానేశాడు. వారం లోపలే హాకీ ఇండియా వాళ్ళు 16 నంబరును రిటైర్ చేస్తున్నట్టు చెప్పారు. కానీ ఇక్కడ ఒక విషయం గమనించండి. రిటైర్ చేసింది పెద్దల జట్టులో మాత్రమే. జూనియర్ జట్టులో 16 అట్లనే ఉంటుందన్నారు. ఆ జూనియర్లకు కోచ్‌గా శ్రీజేష్‌నే పెట్టారు. అంటే నంబరును ఒక చోట దాచారు, ఇంకో చోట పెంచుకోమని ఆయన చేతికే ఇచ్చారు!

ఆడపిల్లల్లో రాణీ రాంపాల్ నంబరు 28. హర్యానాలో షాహాబాద్ ఊరు. వాళ్ళ నాయన బండి లాగి బతికినాడు. రాణి 2008లో భారత జట్టులోకి వచ్చినప్పుడు ఆమె వయసు 14 ఏళ్ళు. ఇప్పుడు నా వయసూ అంతే. టోక్యో ఒలింపిక్స్‌లో ఆమె కెప్టెన్‌గా ఉన్నప్పుడు మన అమ్మాయిల జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 2024 అక్టోబర్‌లో ఆమె ఆట మానేసినప్పుడు 28ని రిటైర్ చేశారు.

దాచాలి అనేవాళ్ళ మాట

దాచాలి అనేవాళ్ళ మాటలో చాలా న్యాయం ఉంది. మా అవ్వ వేలిముద్రే వేస్తుంది. మా తండాలో మా తాతలు ఎవరు, ఏం చేశారు అంటే నోటితో చెప్పుకోవడమే గానీ రాసి పెట్టింది ఏమీ లేదు. చెప్పేవాళ్ళు పోతే ఆ మాటా పోతుంది. అందుకే మనవాళ్ళు ఒకరు ఏదైనా సాధిస్తే దాన్ని గట్టిగా పట్టుకోవాలని మనకు ఉంటుంది.

ఒక ఉదాహరణ చెప్తాను. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టు మొదటి బంగారు పతకం గెలిచింది. ఆ జట్టు కెప్టెన్ జైపాల్ సింగ్ ముండా, మనలాగే ఆదివాసి. తర్వాత ఆయన రాజ్యాంగ సభలో కూర్చొని ఆదివాసుల తరఫున మాట్లాడాడు. నేను మా క్లాసులో అడిగి చూశాను. సచిన్ అందరికీ తెలుసు. జైపాల్ సింగ్ ముండా పేరు ఒక్కరికీ తెలియదు. అంత పెద్దాయననే మరిచిపోతే, మన 5 నంబరక్కను ఎవరు గుర్తు పెట్టుకుంటారు? అందుకని చొక్కా అయినా ఉండనీ అంటున్నారు. ఈ మాటను తీసిపారేయలేము.

ఇవ్వాలి అనేవాళ్ళ మాట

మన దగ్గర కబడ్డీ చొక్కాలు ఉండేవి పన్నెండే. 1 నుంచి 12 దాకా. ఒకటి బీరువాలో పెడితే పదకొండు. పన్నెండో అమ్మాయి ఏం వేసుకోవాలి? "ఒక కొత్త చొక్కా కొని 13 అని వేయిద్దాం" అంటున్నారు. కొనొచ్చు. కానీ అది దొరికినప్పుడు దొరుకుతుంది, టోర్నమెంటు మాత్రం చెప్పిన తేదీకే వస్తుంది. పెద్ద జట్లకు చొక్కాలకు కొదవ లేదు. మనకు అట్లా కాదు.

చొక్కాలు ఎన్ని ఉన్నా కూడా ఇంకో సంగతి ఉంది. ఫుట్‌బాల్‌లో అర్జెంటీనాకు ఆడిన మారడోనా నంబరు 10. ఆయన గౌరవం కోసం 2002 ప్రపంచ కప్‌లో 10 ఎవరికీ ఇవ్వమని ఆ దేశం అన్నది. ఫిఫా ఒప్పుకోలేదు. 1 నుంచి 23 వరకు అన్ని నంబర్లూ ఉండాల్సిందే అన్నది. సరే అని ఒర్తేగా అనే ఆటగాడు 10 వేసుకున్నాడు. కొన్నేళ్ళకు అదే 10 మెస్సీకి వచ్చింది. 2022లో మెస్సీ ఆ చొక్కాతోనే ప్రపంచ కప్ గెలిచాడు. ఆ 10ని బీరువాలో పెట్టి ఉంటే? మెస్సీ ఇంకో నంబరుతో కూడా గెలిచేవాడేమో. కానీ ఆ చొక్కా తొడుక్కున్నప్పుడు "ఇది మారడోనా వేసుకున్నది, నేను తగ్గగూడదు" అనే ఒక బరువు ఉంటుంది కదా, అది బీరువాలో ఉన్న చొక్కా ఇవ్వలేదు.

నా ఆలోచన

ఇద్దరి మాటా విన్నాక నాకు ఒకటి తోచింది. దాచడం, ఇవ్వడం అని రెండే దారులు అనుకుంటున్నాం. అసలు చిక్కు అది కాదు.

మన హాస్టల్లో అందరికీ నంబర్లు ఉన్నాయి. నా ప్లేటు మీద 61 అని మేకుతో గీసి ఉంది. నేను చేరకముందు 61 ఎవరో ఒక అక్కది. ఆ అక్క ఎవరు, ఏ ఊరు, ఇప్పుడు ఏం చేస్తోంది, నాకు ఏమీ తెలియదు. రోజూ ఆ ప్లేటులోనే అన్నం తింటున్నాను. చూడండి, ఊరికే ఇంకొకరికి ఇచ్చేస్తే మనిషి మరుగున పడిపోతుంది. అట్లని చొక్కాను అద్దాల వెనుక పెడితే మనిషి గుర్తుంటుందా? ఐదో తరగతి చెల్లెళ్ళను అడగండి. "5 నంబరక్క" అంటే అందరికీ తెలుసు. అక్క అసలు పేరు చాలామందికి తెలియదు. నంబరు పేరును మింగేసింది. బీరువాలో పెట్టినా మిగిలేది ఆ నంబరే.

క్రికెట్‌లో దీనికి ఒక మంచి పద్ధతి ఉంది. దేశం తరఫున ఆడిన ప్రతి ఒక్కరికీ టోపీ నంబరు ఒకటి ఇస్తారు. అది వరుస నంబరు. సచిన్ టెస్టు టోపీ నంబరు 187. అంటే భారత్ తరఫున టెస్టు ఆడిన 187వ మనిషి అని. ఆ నంబరు ఇంకెవరికీ రాదు. ఒక్క మ్యాచ్ ఆడినా, నూరు మ్యాచ్‌లు ఆడినా అందరికీ ఉంటుంది. మన అనంతపురం జిల్లా అమ్మాయి బారెడ్డి అనూష 2023 జూలైలో బంగ్లాదేశ్ మీద భారత్ తరఫున టీ20 ఆడింది. ఆ వరుసలో ఆమెకూ ఒక నంబరు ఉంది. దాన్ని ఎవరూ చెరపలేరు. కాబట్టి చొక్కా నంబరు చేతులు మారినా ఏమీ కాదు, వరుసలో పేరు రాసి ఉంటే.

మన సీమలో ఏడాదికి పడే వానే తక్కువ. అది కూడా పడితే పడినట్టు, లేకపోతే లేదు. అయినా మన ఇండ్లల్లో మంచి శెనక్కాయలు ఏరి విత్తనానికి పక్కన పెడతారు. ఎంత ఆకలైనా వాటిని తిననియ్యరు. కానీ వాటిని చూసుకుంటూ కూర్చోరు కదా. పదును అయిన రోజు తీసుకుపోయి భూమిలో వేస్తారు. మంచిదాన్ని దాచేది మళ్ళీ మొలిపించేదానికే. 5 నంబరు కూడా అంతే అని నా ఉద్దేశం.

అందుకని ఈ మూడు పనులు చేద్దామని వార్డెన్ మేడమ్ గారిని, పి.ఇ.టి. మేడమ్ గారిని కోరుతున్నాను.

1. ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాలి. 1 నుంచి 12 దాకా ఒక్కో నంబరుకు కొన్ని పేజీలు. ఆ చొక్కా ఎవరెవరు వేసుకున్నారు, పేరు, తండా లేక ఊరు, ఏ సంవత్సరం, ఏ మ్యాచ్‌లో ఎట్లా ఆడారు, అన్నీ రాయాలి. కూతకు పోయి పాయింట్లు తెచ్చిన వాళ్ళవే కాదు, బయట కూర్చొని ఒక్కసారి కూడా దిగని వాళ్ళ పేర్లు కూడా రాయాలి.

2. 5 నంబరు చొక్కా ఈ ఏడాది ఎవరికీ ఇవ్వకుండా ఆపి, వచ్చే ఏడాది సెలెక్షన్లలో బాగా ఆడిన అమ్మాయికి ఇవ్వాలి. ఒక్క ఏడాదికైతే పదకొండు చొక్కాలతో ఎట్లనో సర్దుకోవచ్చు. ఇచ్చే రోజు వీలైతే అక్కనే పిలిపించి, అక్క చేతనే ఇప్పించాలి. అప్పుడు శార్దూల్ ఠాకూర్‌ను తిట్టినట్టు ఆ అమ్మాయిని ఎవరూ "అక్క చొక్కా నీకెందుకే" అని అనరు. ఇది చాలా ముఖ్యం. ఆ అమ్మాయి కూడా మనలాంటిదే, ఇల్లు వదిలి వచ్చిందే.

3. అమెరికాలో జాకీ రాబిన్సన్ అనే నల్లజాతి ఆటగాడు 1947 ఏప్రిల్ 15న తెల్లవాళ్ళే ఆడే పెద్ద బేస్‌బాల్ పోటీల్లోకి అడుగు పెట్టాడు. ఎన్నో అవమానాలు పడి ఆడాడు. 1997లో ఆయన నంబరు 42ను అన్ని జట్లూ రిటైర్ చేశాయి. కానీ 2009 నుంచి ప్రతి ఏప్రిల్ 15న అన్ని జట్ల ఆటగాళ్ళూ 42 నంబరే వేసుకొని ఆడతారు! మనం కూడా ఆగస్టు 29 జాతీయ క్రీడా దినోత్సవం నాడు పాత నోట్సు కాగితం మీద 5 అని రాసి, పిన్నీసుతో వీపుకు పెట్టుకొని ఆడుకుందాం. దీనికి రూపాయి ఖర్చు లేదు.

ఇది నా అభిప్రాయం మాత్రమే. కాదనేవాళ్ళు కారణం రాసి వరండాలో ఉన్న చీటీల పెట్టెలో వేయండి. వచ్చే నెల పత్రికలో అవి కూడా పెడతాం.

చివరిగా చిన్న పోటీ. అక్క పేరు నేను కావాలనే ఎక్కడా రాయలేదు. తెలిసినవాళ్ళు పూర్తి పేరు, తండా పేరు చీటీ మీద రాసి అదే పెట్టెలో వేయండి. తెలియని చెల్లెళ్ళు పెద్ద క్లాసు అక్కలను అడిగి తెలుసుకోండి. నోట్‌బుక్ తెచ్చిన రోజు మొదటి పేజీలో రాసేదానికి ఆ చీటీలు పనికి వస్తాయి.

ఇట్లు,
మీ సోదరి,
9వ తరగతి, హాస్టల్ నంబరు 61