ఆష్‌ఫర్డ్‌లో రైలు ఎందుకు ఆగాలి?

ఇంగ్లండ్ ఆగ్నేయాన, కెంట్ కౌంటీలో ఆష్‌ఫర్డ్ అనే ఊరుంది. రైళ్లు సముద్రం కింది సొరంగంలోకి దిగే ఫోక్‌స్టన్ అక్కడికి పాతిక కిలోమీటర్ల లోపే. 2020 మార్చి దాకా ఈ ఊళ్లో, లండన్ నుంచి ఆ సొరంగం గుండా నడిచే యూరోస్టార్ రైలు ఎక్కినవాళ్లు రెండు గంటల్లో పారిస్‌లో దిగేవారు. ఇవాళ అదే ప్రయాణికుడు ముందు ఫ్రాన్స్‌కు వీపు పెట్టి, దేశీయ హైస్పీడ్ రైల్లో నలభై నిమిషాలు వెనక్కి, లండన్ సెయింట్ పాంక్రాస్‌కు వెళ్లాలి. గంటో గంటన్నరో ముందే చేరి వరసలో నిలబడి, సామాను స్కానింగ్, రెండు దేశాల పాస్‌పోర్టు తనిఖీలు ముగించుకోవాలి. అప్పుడు ఎక్కిన యూరోస్టార్ అతన్ని మళ్లీ ఆష్‌ఫర్డ్ మీదుగానే తీసుకుపోతుంది. పక్కనే అంతర్జాతీయ రైళ్ల కోసమే కట్టిన ప్లాట్‌ఫాంలు ఉంటాయి, రైలు మాత్రం ఆగదు. మహానగరాల చుట్టుపక్కల అంతర్జాతీయ ఎక్స్‌ప్రెస్‌లు అదనంగా ఆగాలా అన్న చర్చకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు. ఆగాలన్నదే నా వాదన. అయితే అన్నిచోట్లా కాదు, అన్ని రైళ్లూ కాదు. అడ్డుపడుతున్నది ఆగినందుకు పోయే నిమిషాలని చాలామంది అనుకుంటారు. లెక్క చూస్తే అడ్డు పాస్‌పోర్టు కౌంటరు దగ్గర కనిపిస్తుంది.

సముద్రం కింది ఆ ఛానెల్ సొరంగాన్ని 1994లో తెరిచారు. ఆ ఏడాది నవంబరులోనే లండన్ వాటర్లూ నుంచి యూరోస్టార్ మొదలైంది. ఆష్‌ఫర్డ్ అంతర్జాతీయ స్టేషన్ 1996లో వచ్చింది. 2007 నవంబరులో హైస్పీడ్ లైను పూర్తయి రైళ్లు సెయింట్ పాంక్రాస్‌కు మారాక, లండన్‌ను చుట్టే ఎం25 రింగురోడ్డుకు దగ్గరలో ఎబ్స్‌ఫ్లీట్ స్టేషన్ తెరిచారు. కార్లు నిలపడానికి వేల చోట్లు, నగరంలోకి అడుగుపెట్టకుండా యూరప్ వెళ్లే వీలు... ఆలోచన చక్కనిదే. కానీ దానికోసం ఆష్‌ఫర్డ్ రైళ్లలో చాలా వాటిని అప్పుడే కోసేశారు. తర్వాత యూరోస్టార్ కొత్త సీమెన్స్ రైళ్లు కొన్నప్పుడు, అవి ఆష్‌ఫర్డ్‌లో ఆగేందుకు వీలుగా సుమారు కోటి పౌండ్లతో సిగ్నలింగ్ మార్చారు. అందులో పెద్ద భాగం ప్రజాధనం. ఆ పని 2018లో పూర్తయింది. రెండేళ్లు గడిచాయో లేదో కరోనా వచ్చింది, రెండు స్టేషన్లలోనూ యూరోస్టార్ ఆగడం మానేసింది. కరోనా పోయినా ఆ హాల్టులు తిరిగి రాలేదు.

మొదటి అభ్యంతరం సమయం గురించే. గంటకు మూడు వందల కిలోమీటర్ల వేగంతో పోయే రైలును ఆపి, మనుషుల్ని ఎక్కించి, తిరిగి ఆ వేగం అందుకోవాలంటే ఏడెనిమిది నిమిషాలు పోతాయి. విమానంతో పోటీపడే రైలుకు అది చిన్న నష్టం కాదని కంపెనీలు అంటాయి. నిజమే, కానీ ఆ నష్టం రైలుది. ఆష్‌ఫర్డ్ ప్రయాణికుడు వెనక్కి వెళ్లి రావడానికి పోగొట్టుకునే గంటన్నర ఆ ఖాతాలో ఎక్కడా రాయరు. వేగానికి పేరుపడ్డ జపాన్ దీన్ని ఎప్పుడో తేల్చింది. టోక్యో స్టేషన్‌కు 6.8 కిలోమీటర్ల దూరంలోనే షినగావాలో 2003లో షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) స్టేషన్ కట్టారు. 2008 నుంచి ఆ మార్గంలో అత్యంత వేగంగా పోయే నొజోమి రైళ్లన్నీ అక్కడా, ఆ తర్వాత షిన్-యొకొహామాలోనూ ఆగుతున్నాయి. మన దగ్గరా సికింద్రాబాద్‌తో ఆగిపోయే నారాయణాద్రి, గౌతమి లాంటి రైళ్లను లింగంపల్లి దాకా పొడిగించాక నగరానికి పడమట ఉండేవాళ్లకు ఎంత వెసులుబాటో అక్కడివాళ్లకు తెలుసు.

ఇవి దేశం లోపలి రైళ్లు, సరిహద్దు దాటే రైళ్ల సంగతి వేరంటారా? వియన్నా నుంచి బుడాపెస్ట్ వెళ్లే రైల్‌జెట్, ప్రధాన స్టేషన్ కెలెటి చేరకముందే నగరం అవతలి కొసన కెలెన్‌ఫోల్డ్‌లో ఆగుతుంది. వియన్నాలోనూ ప్రధాన స్టేషన్‌తో పాటు మైడ్లింగ్‌లో ఆగే అంతర్జాతీయ రైళ్లున్నాయి. బెర్లిన్ నుంచి ప్రాగ్ వెళ్లేవి హొలెషొవిట్సెలో ఆగుతాయి. ఎవరూ దీన్ని సమస్యగా చూడరు, ఎందుకంటే తమలో తాము పాస్‌పోర్టు తనిఖీలు ఎత్తేసుకున్న షెంజెన్ దేశాల మధ్య ప్రయాణికుడు ఊళ్లో రైలెక్కినట్టే ఎక్కుతాడు. ప్లాట్‌ఫాం ఉంటే చాలు, రైలు ఆగుతుంది. అదే రకం రైలు, అదే రకం నగరం, మధ్యలో పాస్‌పోర్టు తనిఖీ వచ్చేసరికి హాల్టు అసాధ్యమైపోతోంది.

బ్రిటన్, ఫ్రాన్స్‌ల తనిఖీ పద్ధతి విలక్షణమైనది. 1991 నాటి సంగాట్ ప్రోటోకాల్, దానికి 2000లో జోడించిన అదనపు ఒప్పందం ప్రకారం ఫ్రెంచి సరిహద్దు పోలీసులు లండన్ స్టేషన్‌లోనే కూర్చుని ఫ్రాన్స్ ప్రవేశ తనిఖీ చేస్తారు. బ్రిటన్ అధికారులు పారిస్ గార్ ద్యు నోర్‌లో తమ పని ముగిస్తారు. ఒకసారి రైలెక్కితే దిగేచోట మళ్లీ పాస్‌పోర్టు చూపించే పని ఉండదు. ప్రయాణికుడికి హాయే. కానీ రైలు ఎక్కే ప్రతి స్టేషన్‌లోనూ రెండు దేశాల అధికారులు, స్కానర్లు, బయటివాళ్లు చొరబడని ప్లాట్‌ఫాం కావాలి. ఈ బేరం మన ఉపఖండం కూడా చేసింది. 2008లో మొదలైన కోల్‌కతా–ఢాకా మైత్రీ ఎక్స్‌ప్రెస్‌లో ప్రయాణికులు సరిహద్దులో గేదె, దర్శన స్టేషన్ల దగ్గర సామానుతో దిగి తనిఖీ చేయించుకుని మళ్లీ ఎక్కేవారు. 2017 నవంబరు నుంచి ఆ పనిని రెండు కొసల స్టేషన్లకు మార్చారు. గంటలకు గంటలు కలిసొచ్చాయి, మధ్యలో ఎక్కేందుకు దిగేందుకు మాత్రం వీల్లేకుండా పోయింది. ఆ రైలు 2024 జులైలో ఆగిపోయింది.

బ్రెగ్జిట్ ఈ చిక్కుముడిని ఇంకా బిగించింది. 2021 జనవరి నుంచి బ్రిటన్ పాస్‌పోర్టుకూ ముద్ర వేయాలి. 2025 అక్టోబరులో యూరప్ దేశాలు వేలిముద్రలు, ఫోటో తీసుకునే కొత్త ప్రవేశ–నిష్క్రమణ విధానం మొదలుపెట్టాయి. బ్రిటన్‌లో చదువుకునే, ఉద్యోగం చేసే మన తెలుగువాళ్లకు షెంజెన్ వీసా తనిఖీ ముందునుంచీ ఉన్నదే. ఇప్పుడు వాళ్లతో పాటు బ్రిటన్ పౌరులూ కౌంటరు దగ్గర ఎక్కువసేపు నిలబడాలి. ఇంత భారం ఒక్క స్టేషన్‌లో మోయడమే కష్టం, ఇంకో రెండుచోట్ల అధికారుల్ని ఎక్కడ తెచ్చిపెడతాం అన్నది అసలు అభ్యంతరం. దానికి తోడు, ఎలాగూ రైళ్లు లండన్‌లోనే నిండుతున్నాయి, ఎబ్స్‌ఫ్లీట్‌లో అమ్మే సీటు లండన్‌లో అమ్మగలిగే సీటే కదా అంటారు.

ఈ వాదనకు బలముంది కాబట్టే అంకెలతో జవాబు చెప్పాలి. 2022 శరత్కాలంలో యూరోస్టార్ అప్పటి అధిపతి బ్రిటన్ పార్లమెంటు రవాణా కమిటీకి రాసిన లేఖ ప్రకారం, 2019లో సెయింట్ పాంక్రాస్ గంటకు 2,200 మందిని తనిఖీ దాటించి పంపగలిగేది. బ్రెగ్జిట్ తర్వాత అది 1,500కు పడింది. మరుసటి ఏడాది మొదట్లో ఉదయపు రైళ్లలో సుమారు 900 సీట్లకు 350 ఖాళీగా పోనివ్వాల్సి వస్తోందని కంపెనీ కొత్త అధిపతి చెప్పారు. టికెట్ కొనేవాళ్లు ఉన్నారు, సీట్లు ఉన్నాయి, మధ్యలో కౌంటర్లు చాలలేదు. ఆ 350 సీట్లు లండన్‌లో అమ్మగలిగినవి కావు. ఆష్‌ఫర్డ్‌లోనో ఎబ్స్‌ఫ్లీట్‌లోనో ఎక్కేవాళ్లతో నింపగలిగినవి. ఆ తర్వాత సెయింట్ పాంక్రాస్‌లో కౌంటర్లు, కియోస్కులు పెరిగాయి. దాని సామర్థ్యాన్ని గంటకు 5,000 దాకా పెంచే ప్రణాళికలూ ఉన్నాయి. ఆ విస్తరణను నేను కాదనను. పాత కట్టడం లోపల గోడలు జరిపి సంపాదించే చోటు కన్నా, ఆష్‌ఫర్డ్, ఎబ్స్‌ఫ్లీట్‌లలో ఇప్పటికే కట్టి ఖాళీగా పెట్టిన రెండు హాళ్లను వాడుకోవడం ముందు చేయదగ్గ పని అంటున్నాను.

అధికారుల కొరతకూ ఒక మార్గం ఉంది. దాని గురించి తగినంత చర్చ జరగలేదనిపిస్తుంది. పారిస్‌లో రైలెక్కినవాడి పాస్‌పోర్టును బ్రిటన్ అధికారులు అక్కడే చూసేశారు. అతను ఆష్‌ఫర్డ్‌లో దిగితే ఫ్రెంచి పోలీసులతో పనిలేదు, స్కానర్లతో పనిలేదు. కస్టమ్స్ సిబ్బంది కొందరు, తలుపుల దగ్గర కాపలా ఉంటే సరిపోతుంది. ఖర్చంతా ఎక్కేవాళ్ల కోసమే తప్ప దిగేవాళ్ల కోసం కాదు. కాబట్టి ముందుగా సాయంత్రం వచ్చే ఒకటిరెండు రైళ్లను దిగేవాళ్ల కోసం ఆపవచ్చు. ఒకవైపే ఆగే రైలేమిటని పెదవి విరిచేవాళ్లు ఆమ్‌స్టర్‌డామ్‌ను గుర్తుచేసుకోవాలి. 2018 ఏప్రిల్‌లో లండన్ నుంచి అక్కడికి నేరుగా యూరోస్టార్ మొదలైనప్పుడు తిరుగు ప్రయాణికులు బ్రసెల్స్‌లో దిగి, తనిఖీ చేయించుకుని వేరే రైలెక్కేవారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో బ్రిటన్ తనిఖీ కేంద్రం అప్పటికింకా లేదు మరి. 2020 అక్టోబరుకు అదీ ఏర్పడి రెండువైపులా నేరుగా రైలు నడిచింది. సగం సేవ మొదలుపెట్టడమే మిగతా సగానికి దారి వేసింది. కెంట్‌లోనూ రెండో అడుగుగా ఉదయం రెండు మూడు గంటల పాటు మాత్రమే కౌంటర్లు తెరిచి ఒకటిరెండు రైళ్లలో ఎక్కించుకోవచ్చు. రోజంతా అధికారుల్ని కూర్చోబెట్టనక్కర్లేదు.

షినగావా లెక్కన లండన్ లోపలి స్ట్రాట్‌ఫర్డ్‌లోనూ ఆపొచ్చు కదా అని అడగవచ్చు. హైస్పీడ్ లైను మీద 2009లో తెరిచిన ఆ స్టేషన్‌లో యూరోస్టార్ ఏనాడూ ఆగలేదు. ఆగనక్కర్లేదనే నా అభిప్రాయం. అక్కడి నుంచి సెయింట్ పాంక్రాస్ ఏడు నిమిషాలు. ఏడు నిమిషాల కోసం రెండు దేశాల సిబ్బందిని పెట్టడం వృథా. తనిఖీ ఉన్న చోట కొలత వేరుగా ఉండాలి: ప్రయాణికుడు వెనక్కి ఎంత దూరం పోవాల్సి వస్తోంది, అలాంటివాళ్లు ఒక రైలుకు ఎందరు? ఆ కొలతతో చూస్తే ఆష్‌ఫర్డ్ ముందుంటుంది, ఎబ్స్‌ఫ్లీట్ తర్వాత.

చివరికి డబ్బు సంగతి. యూరోస్టార్ వ్యాపార సంస్థ, 2021లో దివాలా అంచు దాకా వెళ్లి 25 కోట్ల పౌండ్ల సాయంతో బయటపడింది. నష్టం వచ్చే హాల్టు నడపమని దాన్ని ఒక్కదాన్నే నిలదీయడం సబబు కాదు. కానీ ఆ స్టేషన్లు, ఆ సిగ్నలింగ్ జనం డబ్బుతో వచ్చాయి. సరిహద్దు తనిఖీ ఏ కంపెనీ పనీ కాదు, ప్రభుత్వాలది. కౌంటర్ల ఖర్చును ప్రభుత్వాలు భరించి, రైలు ఆపే బాధ్యతను కంపెనీలకు పెట్టడం న్యాయమైన పంపకం. దానికి తగిన సమయం కూడా ఇదే. 2025 అక్టోబరులో బ్రిటన్ రైల్వే నియంత్రణ సంస్థ లండన్ టెంపుల్ మిల్స్ రైళ్ల డిపోలో వర్జిన్ కంపెనీకి చోటిచ్చింది. యూరోస్టార్ గుత్తాధిపత్యానికి పోటీ వచ్చే దారి తెరుచుకుంది. కొత్త రైళ్లకు పట్టాల మీద వేళలు ఇంకా ఖరారు కావాలి. ఆ ఒప్పందాలు రాసేటప్పుడే రోజుకు ఇన్ని రైళ్లు కెంట్‌లో ఆగాలన్న షరతు అందులో చేర్చాలి. సంతకాలయ్యాక అడిగితే ఏ కంపెనీ అయినా టైంటేబుల్ చూపించి కుదరదంటుంది.