పసిబిడ్డ పొత్తిగుడ్డల పెట్టె

ప్రసవదినములు సమీపించిన యింట జరుగు ఏర్పాట్లు పెక్కు కలవు. కూతురిని పుట్టింటికి తీసికొనివచ్చుట, గదికి సున్నము వేయించుట, ఆసుపత్రికి పోవుటకు బండిని మాటాడి యుంచుట మొదలైనవన్నియు పెద్దలు ముందుగనే ఆలోచించి చేయుదురు. కాని పుట్టబోవు బిడ్డకు కావలసిన గుడ్డలను గూర్చి మాత్రము బిడ్డ పుట్టిన పిదపనే వెదకులాట మొదలగును. "కడుపులో బిడ్డ ఉండగా కొత్తబట్టలు కొనరాదమ్మా" అని అమ్మమ్మలు, నాయనమ్మలు వారింతురు.

ఆ మాటను కాదనవలసిన పని లేదు. కొత్తబట్టలకంటె పలుమార్లు ఉతికి మెత్తబడిన నూలుబట్టయే పసిబిడ్డ ఒంటికి హితమైనది. అయితే ఆ పాతబట్ట ఏ పెట్టెలోనుండి వచ్చినది? ఆ పెట్టెలో దానితోపాటు మరియేమి యున్నది? దానిని ఎక్కడ ఉతికి ఎక్కడ ఆరవేసిరి? నడిరేయి అవసరపడినపుడు అది చేతికి అందునా? ఇవి చిన్న ప్రశ్నలుగా కనబడును గాని, బిడ్డ ఆరోగ్యమునకు, ఒక్కొక్కపుడు ప్రాణమునకే సంబంధించినవి. కావున పసిబిడ్డ గుడ్డలను సమకూర్చుకొని సర్దుకొను పద్ధతిని ఇచట వివరింపదలచితిమి.

పొడిగుడ్డ విలువ

తల్లిగర్భమున వెచ్చగా పెరిగిన శిశువు బయటికి రాగానే తడిఒంటికి గాలి సోకి చల్లబడును. పెద్దలవలె తన ఒంటి వేడిని తాను నిలుపుకొను శక్తి శిశువునకు తక్కువ. చంకలో జ్వరమాపకము పెట్టి చూచినపుడు 36.5 నుండి 37.5 డిగ్రీల సెల్సియస్ వరకు ఉండుట ఆరోగ్య లక్షణము. అంతకు తగ్గినచో బిడ్డ మందకొడిగా నుండును, పాలు సరిగా కుడువదు. రెండున్నర కిలోలకంటె తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలకు ఈ ప్రమాదము మరింత హెచ్చు. అట్టివారిని తల్లి రొమ్ముల నడుమ ఒంటికి ఒళ్లు తగులునట్లు కట్టుకొనుట మేలైన పద్ధతి. దీనికి కంగారు పద్ధతి అని పేరు. 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరమున ప్రారంభమై నేడు మన ఆసుపత్రులలోను ఆచరణలో నున్నది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన సూచనల ప్రకారము, బిడ్డకు మొదటి స్నానమును కనీసము 24 గంటలు ఆపవలెను. పెద్దలు తొడుగుకొను బట్టలకంటె ఒకటి రెండు పొరలు ఎక్కువగా బిడ్డకు ఉండవలెను. తలకు టోపీ పెట్టవలెను. ఇది చలిదినములకును, వానదినములకును తగిన మాట. రోహిణీకార్తె ఎండలలో బిడ్డను ఉన్ని శాలువలలో చుట్టినచో చలి తగులుటకు మారుగా ఒళ్లు కాగిపోవును. ఏది తగునో తెలిసికొనుటకు సులభమైన ఉపాయ మొకటి కలదు. అరచేతి వెనుకభాగముతో బిడ్డ పొట్టను, పాదములను తాకి చూడుడు. రెండును వెచ్చగా నున్నచో బిడ్డ సుఖముగా నున్నట్లు. పొట్ట వెచ్చగానుండి పాదములు చల్లబడినచో మరియొక పొర కావలెను. రెండును చల్లబడినచో వెంటనే తల్లి ఒంటికి హత్తుకొని ఆసుపత్రికి కబురు చేయవలెను.

ఎన్ని గుడ్డలు కావలెను?

పుట్టిన మొదటి రోజున బిడ్డ ఒకటి రెండుసార్లే మూత్రము పోయవచ్చును. తల్లికి పాలు చక్కగా పడి మొదటివారము ముగియునప్పటికి రోజునకు ఆరుసార్లయినను, అంతకు హెచ్చుగానైనను గుడ్డ తడుపును. విరేచనములకు వేరుగా కొన్ని కావలెను. ఈ లెక్కన రోజునకు పది పన్నెండు గుడ్డలు ఖర్చగును. వానకాలమున ఉతికిన గుడ్డ ఆరుటకు రెండు దినములు పట్టుటయు కలదు. కావున ఇరువది నాలుగు పొత్తిగుడ్డలు చేత నున్నచో ఏ కాలమందును ఇబ్బంది యుండదు.

ఇందుకు డబ్బు వెచ్చింపవలసిన పని లేదు. నాలుగు మీటర్ల పొడవు, మీటరుంబావు వెడల్పు గల పాత నూలుపంచెను అరవై సెంటీమీటర్ల చదరములుగా కత్తిరించినచో పన్నెండు గుడ్డలు వచ్చును. రెండు పంచెలతో ఇరువది నాలుగును సిద్ధమగును. అంచులను మడిచి కుట్టినచో దారములు ఊడవు. పట్టు, నైలాను, పాలియెస్టరు బట్టలు చెమటను పీల్చవు గనుక పొత్తిగుడ్డలకు పనికిరావు.

తొడుగులు నాలుగైదు చాలును. బిడ్డ ఐదు నెలలలో ఇంచుమించుగా పుట్టినప్పటి బరువునకు రెట్టింపగును, ఏడాదికి మూడురెట్లగును. కావున చిన్నకొలతలో ఎక్కువ కుట్టించుట వృథా. తలమీదుగా దూర్చునవికాక, ముందు తెరచి నాడాలతో ముడివేయు చొక్కాలు మేలు. బొత్తాములు, పూసలు, పిన్నులు లేకుండుట మంచిది. ఇవిగాక రెండు మూడు టోపీలు, ఒళ్లు తుడుచు మెత్తని తువాళ్లు రెండు, కప్పుటకు దుప్పట్లు రెండు, ఒక దోమతెర ఉన్నచో బిడ్డ ఆస్తి పూర్తియైనట్లే.

తడిబుట్టను గూర్చి మరియొక మాట. తడిసిన గుడ్డలను ఉతుకుటకు ముందు లెక్కించు అలవాటు చేసికొనుడు. వారము దాటిన బిడ్డ రోజునకు ఆరు గుడ్డలైనను తడుపనిచో పాలు చాలుటలేదేమోయని అనుమానించి ఆశా కార్యకర్తకు చెప్పవలెను. ఈ విధముగా తడిబుట్ట పాలలెక్క చెప్పు చిట్టాపుస్తకము వంటిది.

దేనిచోటు దానికి

బిడ్డ గుడ్డలకు విడిగా ఒక పెట్టె గాని, మూతగల మేదరిబుట్ట గాని కేటాయింపవలెను. ఇంటిల్లిపాది బట్టలతో కలుపరాదు. నేలతేమ తగులకుండ పీటమీద పెట్టవలెను. పెట్టెలో అడుగున దుప్పట్లు, దానిపైన తువాళ్లు, చొక్కాలు, అన్నిటికంటె పైన పొత్తిగుడ్డలు ఉండవలెను. మాటిమాటికి కావలసినది పైన, అరుదుగా కావలసినది అడుగున అనునదే సూత్రము. రాత్రికి కావలసిన ఎనిమిది గుడ్డలు, ఒక చొక్కా, ఒక టోపీ సందెవేళనే తీసి తల్లి మంచము దగ్గరి గోడగూటిలో పెట్టినచో చీకటిలో తడవులాట తప్పును, బిడ్డ తడిలో పడియుండదు.

తడిగుడ్డలకు మూతగల బకెట్టు వేరుగా నుండవలెను. విరేచనము చేసిన గుడ్డలను మూత్రపు గుడ్డలతో కలుపరాదు. పసిబిడ్డ మలము నిర్దోషమని మన పల్లెలలో ఒక నమ్మకము కలదు. ఇది పొరపాటు. పెద్దల మలమువలెనే అదియు రోగక్రిములను వ్యాపింపజేయును. దానిని మరుగుదొడ్డిలో పారబోయవలెను. గుడ్డ మార్చిన ప్రతిసారియు సబ్బుతో చేతులు కడుగుకొనవలెను.

బిడ్డకు చాలని తొడుగులను నెలకొకసారి తీసి, ఉతికి, వేరు మూట కట్టవలెను. అవి చెల్లెలి బిడ్డకో, పొరుగింటి బిడ్డకో ఉపయోగపడును.

కలరా ఉండల ప్రమాదము

ఈ వ్యాసమున మేము ముఖ్యముగా చెప్పదలచినది ఈ విషయమే. పాత పంచె గాని, అమ్మమ్మ శాలువ గాని సాధారణముగా ఏ ట్రంకుపెట్టెలోనో దాచియుండును. పురుగు కొట్టకుండ ఆ పెట్టెలో తెల్లని కలరా ఉండలు వేయుట అన్ని యిండ్ల అలవాటు. వీనిలో అనేకము నాఫ్తలీను అను పదార్థముతో చేయబడినవి. ఆ ఉండ కొంచెము కొంచెముగా ఆవిరియై బట్టలలో ఇమిడిపోవును. ఆ బట్టను బిడ్డకు చుట్టినపుడు ఆ ఆవిరి ఊపిరితోను, మెత్తని చర్మము ద్వారాను లోనికి ప్రవేశించును.

కొందరు బిడ్డలకు పుట్టుకతోనే జి6పిడి అను రక్షకపదార్థము రక్తమున కొరతగా నుండును. ఇది వంశానుగతముగా వచ్చునది. తల్లినుండి కుమారునకు సంక్రమించును గనుక మగబిడ్డలలో ఎక్కువగా కనబడును. చూచుటకు బిడ్డ ఆరోగ్యముగానే యుండును, కొరత యున్నట్లు ఇంటిలో ఎవరికిని తెలియదు. అట్టి బిడ్డకు నాఫ్తలీను సోకినచో ఎఱ్ఱ రక్తకణములు పగిలిపోవును. బిడ్డ పాలిపోవును, పసరికలు వేగముగా హెచ్చును. ఆ పసుపువిషము మెదడునకు ఎక్కినచో బిడ్డకు చెవుడు, అవయవముల వైకల్యము, తుదకు మరణము కూడ సంభవింపవచ్చును. పదిలముగా దాచిన శాలువయే ఈ విధముగా బిడ్డకు ఆపద తెచ్చును.

కావున బిడ్డ గుడ్డల పెట్టెలో కలరా ఉండ ఒక్కటియు వేయరాదు. ఉండలు వేసిన పెట్టెలోని బట్టను వాడవలసివచ్చినచో ప్రసవమునకు కొన్ని వారముల ముందే బయటికి తీసి, గాలికిని ఎండకును ఆరవేసి, బాగుగా ఉతికి, మరల ఎండబెట్టవలెను. అప్పటికిని వాసన పోనిచో ఆ బట్టను బిడ్డ దరికి రానీయరాదు. కర్పూరమును కూడ ఆ పెట్టెలో ఉంచరాదు, నోటిలోనికి పోయినచో అది విషమే. పురుగు రాకుండుటకు నీడన ఎండిన వేపాకును చిన్న గుడ్డసంచిలో కట్టి మూలన పెట్టవచ్చును. అన్నిటికంటె మంచి మందు ఎండయే. పదిహేను దినములకొకమారు పెట్టెను ఖాళీచేసి ఎండలో పెట్టినచో పురుగుబాధ యుండదు.

బిడ్డ అరచేతులు, అరికాళ్లు పచ్చబడినను, మూత్రము డికాషను రంగులోనికి మారినను, బిడ్డ పాలు కుడువక సోలిపోవుచున్నను క్షణమైన ఆలసింపక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఎండ చూపించుటతోను, ఆకుపసరులతోను కాలయాపన చేయరాదు. ఇంట కలరా ఉండలు వాడినట్లయిన ఆ సంగతి వైద్యునకు తప్పక చెప్పవలెను.

ఉతుకుట, ఆరవేయుట

ఘాటైన సోడాలు వాడక మామూలు సబ్బుతో ఉతికి, సబ్బు పోవువరకు మంచినీటిలో రెండుమార్లు జాడింపవలెను. గంజి పెట్టరాదు. త్రాగునీటి చెరువులో, బావి గట్టున, బోరింగు పంపు చప్టామీద పొత్తిగుడ్డలు ఉతుకరాదు. పూర్వము రజకులు బట్టలకు నల్లజీడి రసముతో గుర్తు పెట్టెడివారు. ఆ రసము తగిలి చర్మము పొక్కుట వైద్యు లెఱిగిన విషయమే. పసిబిడ్డ గుడ్డలకు అట్టి గుర్తు ఎన్నడును తగదు.

గుడ్డలను కంపమీదను, గడ్డిమీదను, మునగచెట్టు క్రిందను ఆరవేయరాదు. మునగచెట్టు గొంగళిపురుగుల నూగు అంటుకొన్నచో బిడ్డ ఒళ్లు దద్దురులెక్కును. ఎత్తుగా కట్టిన దండెముమీద పరచి ఎండ తగులనీయవలెను. వానదినములలో ఇంటిలో దండెము కట్టి గాలి ఆడు చోట ఆరవేయవచ్చును గాని, పొయ్యిపైన పొగలో ఆరబెట్టరాదు. గుడ్డలకు, బిడ్డకు సాంబ్రాణి పొగ వేయుటయు మంచిది కాదు. పసిఊపిరితిత్తులకు ఏ పొగయైనను చెఱుపే.

చిన్న వస్తువులు

చేతితొడుగులను, మేజోళ్లను తొడుగుటకు ముందు లోపలిభాగము బయటికి త్రిప్పి చూడవలెను. ఊడిన దారము గాని, తల్లి వెండ్రుక గాని బిడ్డ వ్రేలికి చుట్టుకొని బిగిసినచో వ్రేలు వాచి దెబ్బతినును. మొలతాడు రెండు వ్రేళ్లు దూరునంత వదులుగా నుండవలెను. మెడలో తాడు, పూసలదండ వేయరాదు. పొత్తిగుడ్డను బొడ్డునకు దిగువగా కట్టినచో బొడ్డు గాలికి ఆరి త్వరగా ఊడును. బొడ్డుమీద పసుపు, నూనె, బూడిద వంటివి పెట్టరాదు. మన దేశమున తల్లులకు, నవజాతశిశువులకు వచ్చు ధనుర్వాతము నిర్మూలింపబడినట్లు 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపరచినది. టీకాలతోను, శుభ్రమైన ప్రసవముతోను సాధించిన ఆ విజయమును నిలుపుకొనుట మన చేతిలోనే యున్నది. కొన్ని కాటుకలలో సీసము ఉండును గనుక బిడ్డ కన్నులకు కాటుక పెట్టరాదు. నిద్రించు బిడ్డ చుట్టును దిండ్లు, వదులు బట్టలు పేర్చరాదు, అవి ముక్కుపై పడి ఊపిరి ఆడకుండ చేయవచ్చును.

ఆసుపత్రి మూట

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను నూటికి 96కు పైగా ప్రసవములు ఆసుపత్రులలోనే జరిగినవి. కావున బిడ్డ మొదటి గుడ్డ ఇంటినుండి ఆసుపత్రికి పోవలసియున్నది. ఎనిమిదవ నెల నిండక పూర్వమే ఒక మూట కట్టి సిద్ధముగా నుంచవలెను. అందు పన్నెండు పొత్తిగుడ్డలు, రెండు చొక్కాలు, రెండు టోపీలు, బిడ్డను తుడుచుటకును చుట్టుటకును రెండు తువాళ్లు, ఒక దుప్పటి, తల్లికి మార్చుకొను బట్టలు, తల్లీబిడ్డల సంరక్షణ కార్డు ఉండవలెను. ఇంటిలోని వారందఱికిని ఆ మూట ఎచట నున్నదో తెలిసియుండవలెను. అర్ధరాత్రి 108 బండి వాకిట నిలిచినపుడు వెదకులాట పనికిరాదు. తెలంగాణలో 2017లో ప్రారంభించిన పథకము క్రింద ప్రభుత్వ ఆసుపత్రులలో ప్రసవించిన తల్లులకు బిడ్డ దుస్తులు, సబ్బు, దోమతెర మొదలైనవి గల పెట్టెను ఇచ్చిరి. అట్లు లభించిన కొత్త దుస్తులనైనను, బారసాలకు బంధువులు తెచ్చిన బట్టలనైనను ఒకమారు ఉతికి ఎండబెట్టిన పిదపనే బిడ్డకు తొడుగవలెను.

ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ ఇంటికి వచ్చిన పిదప ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ దినములలో చూడవచ్చును. ఆమె బిడ్డను తూచి, ఒంటి వేడి పరీక్షించును. ఆ సమయమున పెట్టె మూత తెఱచి ఆమెకు చూపుడు, సందేహములుండిన అడుగుడు.

ఇందు చెప్పిన వానిలో ధనముతో కూడిన పని ఒక్కటియు లేదు. రెండు పాత పంచెలు, ఒక పెట్టె, ఒక దండెము, కొంచెము సబ్బు, దినమంతయు ఉచితముగా లభించు ఎండ ఉన్నచో చాలును. మీ యింటిలోగాని, మీ చుట్టాల యింటిలోగాని ఎవరైనను గర్భవతిగా నున్నచో ఈ వారములోనే ఆ ట్రంకుపెట్టెను తెఱచి, కలరా ఉండలను ఏరి పిల్లలకు అందనిచోట పారవేయుడని, బిడ్డ గుడ్డలకు వేరు పెట్టెను సిద్ధపరచుడని గ్రామ సోదరీమణులకు మనవి చేయుచున్నాము. ఈ పని తల్లి ఒక్కతెదే కాదు. పెట్టెను ఎండలోనికి మోయుట, దండెము కట్టుట, నీరు తోడుట తండ్రికిని, తాతకును చేతనైన పనులే.