తాళంచెవి ఎక్కడ పెట్టాలి?

ఊరెళ్తూ ఇంటికి తాళం వేసి, తాళంచెవిని గుమ్మం పక్కన పూలకుండీ కింద పెట్టి పోయేవాళ్లను మీరు చూసే ఉంటారు. దొంగ తాళం పగలగొట్టనక్కరలేదు, కుండీ ఎత్తి చూస్తే చాలు! ఇంటర్నెట్టులో రహస్యాలు దాచే పనిలోనూ చిక్కంతా ఇక్కడే ఉంది.

బ్రౌజరు మనకు పేజీలను చూపించి ఊరుకోదు. సైట్లు అడిగినప్పుడు కొంత సమాచారాన్ని మన కంప్యూటరులోనే దాచిపెడుతుంది. అలా దాచే చోట్లలో ఒకదాని పేరు లోకల్ స్టోరేజి. ఒక్కొక్క సైటుకు అందులో సుమారు 5 మెగాబైట్ల చోటు దొరుకుతుంది. ఒక సైటు దాచినదాన్ని మరొక సైటు చదవకుండా బ్రౌజరు అడ్డుకుంటుంది. ఇంతవరకు బాగానే ఉంది.

అయితే దాచినది ఏ రూపంలో ఉంటుంది? మీరే చూడవచ్చు. కంప్యూటరులో క్రోమ్ బ్రౌజరు తెరచి, ఏదైనా సైటులో ఉండగా ఎఫ్12 మీట నొక్కండి. తెరుచుకున్న పలకలో 'అప్లికేషన్' అన్నదాన్ని, దాని కింద 'లోకల్ స్టోరేజ్' అన్నదాన్ని ఎంచుకోండి. ఒకవైపు పేర్లు, వాటికి ఎదురుగా విలువలు కనబడతాయి. (మీ సొంత కంప్యూటరులోనే చూడండి సుమా! ఇతరులది తెరచి చూడడం మర్యాద కాదు.) పరీక్ష దరఖాస్తులో మీరు నింపిన ఆధార్ నెంబరును ఏ సైటైనా ఇక్కడ ఉన్నదున్నట్లు రాసిపెట్టిందనుకోండి. మీ తరవాత అదే కంప్యూటరు ముందు కూర్చున్నవాడు మీట నొక్కి చదువుకోవచ్చు. నెట్ సెంటరులో ఒకే కంప్యూటరును రోజుకు ఎంతమంది వాడతారో మీకు తెలుసు కదా!

అందుకే అలాంటి సమాచారాన్ని గూఢలిపిలోకి మార్చి దాచాలి. ఇందుకు నేడు ఎక్కువగా వాడే పద్ధతి ఏ.ఇ.ఎస్. దీన్ని రూపొందించినవారు యోవాన్ డామెన్, విన్సెంట్ రైమెన్ అనే ఇద్దరు బెల్జియం దేశస్థులు. 2001లో అమెరికా ప్రభుత్వం దీన్ని ప్రమాణంగా స్వీకరించింది. ఈ పద్ధతిని ఎవరైనా చదువుకోవచ్చు, అందులో దాపరికమేమీ లేదు. రహస్యమంతా తాళంచెవిలోనే ఉంటుంది. ఆ తాళంచెవి ఒక సంఖ్య. అందులో 0, 1 అంకెలు వరసగా 128 ఉంటాయి, 256 ఉండేవీ వాడతారు. 128 ఉన్నవి ఎన్ని సాధ్యమో లెక్కిస్తే 39 అంకెల సంఖ్య వస్తుంది. సెకనుకు లక్ష కోట్ల తాళంచెవులు పెట్టి చూసే యంత్రం ఉన్నా, అన్నీ చూసేసరికి విశ్వం వయసుకు, అంటే 1,380 కోట్ల సంవత్సరాలకు, కొన్ని పదుల కోట్ల రెట్ల కాలం పడుతుంది. కావాలంటే లెక్క వేసి చూడండి.

ఇంత గట్టి తాళం ఉండగా భయమెందుకు? ప్రోగ్రాములు రాసేవాళ్లలో కొందరు ఆ తాళంచెవిని కూడా లోకల్ స్టోరేజిలోనో, సైటు ప్రోగ్రాములోనో రాసేస్తారు. ఆ ప్రోగ్రాము మీ బ్రౌజరులోకి వచ్చి పనిచేసేదే. ఎఫ్12 నొక్కినవాడికి అదీ కనబడుతుంది. పూలకుండీ కింద పెట్టినట్లే అన్నమాట!

మరి ఎక్కడ పెట్టాలి? అసలు ఎక్కడా పెట్టకుండా, అవసరమైనప్పుడల్లా మన పాస్‌వర్డు నుంచి తాళంచెవిని కొత్తగా తయారుచేసుకోవచ్చు. 2000లో ప్రకటించిన పి.బి.కె.డి.ఎఫ్.2 అనే పద్ధతి ఇందుకే. ముందుగా పాస్‌వర్డుకు ఇష్టం వచ్చినట్లు ఏరిన కొన్ని అంకెలను కలుపుతారు. వీటికి 'ఉప్పు' అని పేరు! ఇద్దరి పాస్‌వర్డు ఒకటే అయినా ఉప్పు వేరు కాబట్టి తాళంచెవులు వేరవుతాయి. ఉప్పును దాచనక్కరలేదు, పక్కనే ఉంచినా నష్టం లేదు. తరవాత ఆ మిశ్రమాన్ని మరలో పిండి పట్టినట్లు ఒక లెక్కలో వేసి మళ్లీ మళ్లీ తిప్పుతారు. పిండి నుంచి బియ్యం తిరిగి రానట్లే, ఈ లెక్కలో వెనక్కి పోలేము. వెబ్ భద్రత సంగతులు చూసే ఓవాస్ప్ సంస్థ ఆరు లక్షల సార్లు తిప్పమంటుంది. ఎందుకిన్ని? పాస్‌వర్డు తెలిసిన మీరు ఈ పని ఒక్కసారి చేస్తే చాలు. దొంగ మాత్రం తాను ఊహించిన ప్రతి పాస్‌వర్డుకూ మొత్తం తిప్పాలి.

ఒక్కో ప్రయత్నానికి సెకనులో మూడోవంతు పడుతుందనుకుందాం. నాలుగంకెల పిన్ అయితే 10,000 అవకాశాలే. గంటలోపల దొరికిపోతుంది. పుట్టిన సంవత్సరాన్ని పెట్టుకున్నవారిది నిమిషంలో దొరుకుతుంది. ఎనిమిది ఇంగ్లీషు చిన్నక్షరాలను అడ్డదిడ్డంగా పేర్చితే సుమారు 20,883 కోట్ల అవకాశాలు, అంటే 2,200 సంవత్సరాల పని. దొంగ వెయ్యి యంత్రాలు పెడితే రెండేళ్ల పైచిలుకు. ఇంకొక్క అక్షరం చేర్చండి, అదే వెయ్యి యంత్రాలకూ 57 ఏళ్లు పడుతుంది!

తాళంచెవితో పని చేయించుకోవచ్చు గాని దాని అంకెలు చదవరాదు అని గుర్తు పెట్టే ఏర్పాటు కూడా బ్రౌజరులోనే ఉంది. 2017లో వెబ్ క్రిప్టో అనే ప్రమాణం దీన్ని స్థిరపరచింది. కాని మీరు పాస్‌వర్డు కొట్టి పేజీ తెరచి ఉంచిన సమయంలో, ఆ పేజీలోకే దొంగ ప్రోగ్రాము జొరబడితే ఇవేవీ ఆపలేవు. తలుపు తీసి ఉన్నప్పుడు తాళం ఎంత గట్టిదైతేనేం? పని కాగానే లాగవుట్ చేయమనేది ఇందుకే.

పాస్‌వర్డు మరచిపోతే? తాళంచెవి ఎక్కడా లేదు కాబట్టి సైటు యజమాని కూడా ఏమీ చేయలేడు. గూఢలిపిలోని ఆ సమాచారం మీ కంప్యూటరులో ఊరికే చోటు ఆక్రమించుకొని ఉంటుంది.